ఎర్ర దుప్పటి మాట

ఆ ఏడు జూలైలో నేనొక అబద్ధమాడాను. నోటితో కాదు, దుప్పటితో.

నోటితో ఆడే అబద్ధాలు ఏ ఇంట్లోనైనా ఉండేవే. మాడిన బంగాళాదుంపల అట్టును తిరగేసి పెట్టి బాగా వేగిందనడం, మా ఆయన కాస్పర్ గురక పెడితే పక్కింటిదాకా వినపడదని చెప్పడం, ఇలాంటివి ఎవరూ లెక్కపెట్టుకోరు. దుప్పటి సంగతి వేరు. దాన్ని నమ్ముకుని మనుషులు కొండ మీంచి దూకుతారు.

మా ఇల్లు లౌటర్‌బ్రున్నెన్ లోయ అడుగున, నిట్టనిలువు కొండ కింద ఉంది. ఆ కొండను మేమంతా గోడ అనే అంటాం. గోడ పైఅంచు నుంచి మా పచ్చిక దాకా అయిదు వందల మీటర్లు. వేసవి వచ్చిందంటే ఎక్కడెక్కడివాళ్ళో వీపున పారాచూట్లు కట్టుకుని మా లోయలో వాలిపోతారు. పొద్దున్నే కేబుల్ కారెక్కి పైకి పోయి, అంచుదాకా నడిచి, లోయలో ఎగిరే హెలికాప్టర్ల వాళ్ళకు ఫోన్ చేసి చెప్పి, దూకేస్తారు. ఏడు లెక్కపెట్టేలోగా గొడుగు విచ్చుకోవాలి. వంటింట్లో గిన్నెలు తోముతున్నా సరే, పైన గాలి చీలిన చప్పుడు వినపడగానే నా పెదాలు వాటంతటవే ఒకటి, రెండు అని మొదలుపెడతాయి. ఏడులోపు ఫట్‌మంటే మళ్ళీ గిన్నె అందుకుంటాను. ఇది పాతికేళ్ళ అలవాటు.

వాళ్ళు దిగేది మా గడ్డి పొలంలోనే. కోసిన చోట దిగితే మాకే బాధా లేదు. కోయని గడ్డిలో దిగితే మాత్రం అది నేలకంటుకుపోయి మిషనుకు అందదు. చలికాలంలో ఆవుల నోటి దగ్గర కూడు తీసేసినట్టే. అందుకని కాస్పర్ ఒక చట్టం పెట్టాడు. నిలువు గడ్డిలో దిగినవాడు ఎంత గొప్పవాడైనా ఒక పూట మాకు గడ్డి పని చేసి తీరాలి. పొడుగు కర్రకు చెక్కపళ్ళు బిగించిన దంతె ఒకటి, ఇలాంటివాళ్ళ కోసమే, ఎప్పుడూ కంచెకు ఆనించి ఉంటుంది.

ఆర్తో మా ఇంటికి అలా వచ్చినవాడే. ఫిన్లాండ్ మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. అప్పటికి నాలుగేళ్ళ కిందట నిలువు గడ్డిలో దిగి, కాస్పర్ తిట్లన్నీ విని, మారుమాట లేకుండా దంతె అందుకుని సాయంత్రం దాకా పనిచేశాడు. పోయేముందు నా దగ్గరికొచ్చి బట్టల తాడు చూపించాడు.

"ఆ ఎర్ర దుప్పటి పైకి బాగా కనపడుతోందండీ. కింద గాలి ఎటుందో, ఎంతుందో దాన్ని చూసే తెలుసుకుంటున్నాం. రోజూ అక్కడే ఆరేస్తారా?"

"రోజూ దుప్పట్లు ఉతుక్కుంటూ కూర్చోడానికి నాకింకేం పనిలేదనుకున్నావా?"

"ఉతకక్కర్లేదు. ఆరేస్తే చాలు."

ఆ మాటకు నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున ఎనిమిదికల్లా దుప్పటి తాడెక్కేది. లోయ కింది నుంచి గాలి లేచే సంగతి పైవాళ్ళకన్నా నాకే ముందు తెలుస్తుంది, ఏటి గట్టు మీది చెట్లు ఆకులు తిరగేసి తెల్లగా చూపిస్తాయి. అది చూడగానే దుప్పటి తీసేసేదాన్ని. రెండో ఏటికి ఇదొక కట్టుబాటు అయిపోయింది. దుప్పటి ఉంటే దూకొచ్చు, లేకపోతే దూకకూడదు. దూకేవాళ్ళంతా గుడారాలు వేసుకునే మైదానంలో ఎవరో దీన్ని పలక మీద రాసి మేకుకు తగిలించారట. నాకు దుప్పటమ్మ అని పేరు కూడా పెట్టారు. పైకి విసుక్కునేదాన్ని గానీ, లోపల మురిసిపోయేదాన్ని. ఇరవై దేశాలవాళ్ళు నా బట్టల తాడుకేసి చూస్తున్నారంటే ఎవరికి మాత్రం ముద్దుగా ఉండదు!

ఇక మా అమ్మాయి రెగూలా. ఇరవై నాలుగేళ్ళది, కేబుల్ కారు దగ్గర టికెట్లిచ్చే ఉద్యోగం చేస్తుంది. జూన్‌లో మొదటి గడ్డికోత ముగిసిన రోజు ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. కాస్పర్ చీజ్ కోస్తున్నాడు.

"నాన్నా, దూకేవాళ్ళందరికీ నేనిచ్చేది ఒకటే టికెట్. పైకి మాత్రమే. తిరుగు టికెట్ వాళ్ళకక్కర్లేదు."

"తెలుసులే. ఎన్నిసార్లు చెప్తావ్ ఆ జోకు?"

"ఈ వేసవిలో నేనూ ఒకటి కొనుక్కుంటున్నా."

కాస్పర్ చేతిలో కత్తి ఆగింది.

"మూడేళ్ళుగా విమానంలోంచి దూకుతున్నాను కదా. రెండొందలు దాటాయి. వంతెన మీంచి నలభై. ఆర్తో దగ్గరుండి నేర్పిస్తున్నాడు. అడిగి చూడు."

"వంతెన వేరు, గోడ వేరు."

"గోడ నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు నాన్నా."

"దానికి నువ్వు తెలీదు," అని కాస్పర్ లేచిపోయాడు.

ఆ రోజు నుంచి దానితో మాటల్లేవు. ఉప్పు దాని చేతి దగ్గరే ఉన్నా, "ఎల్స్‌బెత్, ఆ ఉప్పు ఇలా ఇప్పించు" అని నన్ను అడిగేవాడు. అది కూడా తక్కువ తిన్నదేం కాదు. "అమ్మా, ఉప్పిదిగో అని చెప్పు" అనేది. ఇద్దరి మధ్యా ఉప్పు మోయలేక నా చేతులు పడిపోయాయి.

నేను మాత్రం నేరుగా పశువుల కొట్టం అటకెక్కాను. వేసవి నాలుగు నెలలూ ఆర్తో మకాం అక్కడే. నేలంతా గొడుగు గుడ్డ పరిచి రెగూలా మడుస్తోంది. వాడు పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. నాకా మడతలు చూస్తే చెయ్యి ఊరుకోలేదు. పుట్టిన దగ్గర్నుంచి దుప్పట్లు మడిచినదాన్ని కదా, ఒక అంచు పట్టుకోబోయాను.

"ముట్టుకోకమ్మా! ఎవరి గొడుగు వాళ్ళే మడుచుకోవాలి. ఆర్తో కూడా చెయ్యి వెయ్యడు," అంది రెగూలా.

అది కిందికి దిగాక వాడిని నిలదీశాను. "మా గడ్డిలో దిగావు, మా కొట్టంలో పడుకున్నావు, మా కాఫీ తాగావు. చివరికి మా పిల్ల మీదే పడ్డావా నాయనా?"

ఆర్తో తన బూట్లకేసి చూసుకున్నాడు. "నేను వద్దంటే వేరేవాళ్ళతో వెళ్తుందండీ. వాళ్ళు తొందరగా సరే అంటారు. నేను తొందరగా అనను."

నేను నిచ్చెన దిగొచ్చేశాను.

జూలై రెండో వారంలో ఒక పొద్దున ముగ్గురు పైకెళ్ళారు. ఆర్తో, షివోన్, వాళ్ళతో మొదటిసారి గోడ మీంచి దూకడానికి రెగూలా. షివోన్ ఐర్లండ్ పిల్ల, ఎర్ర జుట్టు, నవ్విందంటే లోయంతా వినపడాలి. నేను మామూలుగానే దుప్పటి ఆరేశాను. ఆకు కదలడం లేదు. గోడ అంచున మూడు చుక్కలు కనపడ్డాయి. అందులో ఒకటి నా కూతురు.

నా చేతులు పోయి దుప్పటి లాగేశాయి. నేను లాగేశానని అనడానికి ఇప్పటికీ సిగ్గు, అందుకే చేతుల మీదకు నెడుతున్నాను. దాన్ని చంకలో పెట్టుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా.

గంట తరవాత ముగ్గురూ కేబుల్ కారులో దిగి వచ్చారు. షివోన్ ఏదో పాట పాడుకుంటూ పోయింది. ఆర్తో మా కంచె దగ్గర ఆగి, వంగి ఒక ఎండు గడ్డిపరక తీసి, భుజమెత్తున పట్టుకుని వదిలాడు. అది తిన్నగా వచ్చి వాడి బూటు మీద పడింది.

"గాలి ఎంతసేపుందండీ?"

"ఉంది కాసేపు. ఇప్పుడే పడిపోయింది."

"అలాగా," అన్నాడు. కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళలో వాడు నా కాఫీ కాదనడం అదే మొదలు.

రెగూలా వంటింటి గుమ్మంలో నిలబడింది. కేకలేస్తుందనుకున్నాను, వెయ్యలేదు.

"నన్ను ఆపాలనుకుంటే నన్నే ఆపమ్మా. కాళ్ళు పట్టుకో, గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యి. దుప్పటి జోలికి మాత్రం పోకు."

ఈ సంగతి గుడారాల మైదానంలో ఎలా పొక్కిందో నేనడగలేదు. అడిగే ముఖం నాకేదీ? "దుప్పటికి జలుబు చేసి లోపల పడుకుంది," అని షివోన్ అందరినీ నవ్వించిందట. నవ్వులో నవ్వుగా వారం గడిచింది. ఆ తరవాత ఒక రోజు తొమ్మిదిన్నర కాకముందే ఏటి గట్టు చెట్లు తెల్లబడ్డాయి. పరుగెత్తుకెళ్ళి దుప్పటి తీశాను. పైన ఒక చుక్క నిలబడే ఉంది. వెనక్కి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. దూకింది.

అయిదుకే ఫట్‌మంది. గొడుగు బాగానే విచ్చుకుంది. గాలికి అది మడతపడి, మళ్ళీ విప్పుకుని, పక్కకు కొట్టుకొచ్చి మా కొట్టం పైకప్పుకు తగిలింది. షివోన్ పెంకుల మీంచి జారి కొట్టం గోడ పక్కన పడింది. హెలికాప్టర్ వచ్చేదాకా దాని తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాలు రెండు చోట్ల, తుంటి ఒక చోట విరిగాయి. ప్రాణం దక్కింది.

మూడో రోజు ఆసుపత్రికి వెళితే అదే నన్ను ఓదార్చింది.

"తప్పు నాదేలెండి. దుప్పటి లేదంటే దూకకూడదు, అంతే. కాకపోతే..."

"కాకపోతే?"

"రెగూలా కూడా పైనెక్కడో ఉందేమో, అందుకే తీసేశారేమో అనుకున్నా."

ఆ రోజు రెగూలా కింద టికెట్లిస్తూ కూర్చుంది. నాన్నా పులి అన్న పిల్లాడి కథలో పులి పిల్లాణ్ణే తింది. నా కథలో ఊరుకాని ఊరొచ్చిన ఆడపిల్లను కరిచింది. ఆ పాపం ఎవరి మీదకు నెట్టను?

ఇంటికొచ్చి యాప్రికాట్ పళ్ళతో పెద్ద తియ్యరొట్టె కాల్చాను. ఉత్త చేతులతో తప్పు ఒప్పుకోవడం నాకు రాదు. సాయంత్రం దాన్ని పట్టుకుని గుడారాల మైదానానికి వెళ్ళాను. పాతికమంది ఉంటారు, గడ్డి మీద గొడుగులు పరుచుకుని మడుచుకుంటున్నారు. నన్ను చూసి అందరి చేతులూ ఆగాయి.

"ఆ రోజు గాలి లేదు," అన్నాను. "నా కూతురు పైనుందని భయమేసి దుప్పటి తీశాను. అబద్ధం. షివోన్ పడ్డ రోజు తీసింది నిజం. ఇక మీదట దుప్పటి తీస్తే గాలి ఉన్నట్టు, ఉంచితే లేనట్టు. నా మాట నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను."

గెడ్డం కుర్రాడొకడు తల గోక్కున్నాడు. ఆర్తో లేచి తన ముక్కాలిపీట తెచ్చి నా వెనక పెట్టాడు.

"ఆగస్టులో రెగూలా మళ్ళీ పైకెళ్ళి దూకుతుందండీ. నేను సరే అన్నాను. ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

నోరు తొందరపడి అనేసింది. నేను ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. వాడు నేను తెచ్చిన రొట్టె కోసి మొదటి ముక్క నాకే ఇచ్చాడు. మర్నాడు కాఫీకి వచ్చాడు.

ఆగస్టు నడిమధ్య, రెండో కోత సగమైంది. పొలంలో పై చెక్క కోసి ఎండబెట్టాం, కింది చెక్క మోకాలు దాటి నిలబడి ఉంది. రెగూలా పొద్దున ఏడింటికి నా బుగ్గ మీద ముద్దుపెట్టి, వాళ్ళ నాన్న కూర్చున్న కుర్చీ వీపును ఒకసారి తాకి, వెళ్ళిపోయింది. ఆయన పేపరు దించలేదు. ఆ పేపరు తలకిందులుగా ఉందని చెప్పాలనిపించింది గానీ ఊరుకున్నాను.

ఎనిమిదికి బుట్ట పట్టుకుని తాడు దగ్గరికి వెళ్ళాను. కాస్పర్ ఇంటి గోడకానుకుని కొడవలి నూరుతున్నాడు. ముందురోజే నూరిన కొడవలి అది.

"ఎల్స్‌బెత్, ఇవాళ ఆరెయ్యకు."

"గాలి లేదుగా."

"లేదని నాకూ తెలుసు."

"తెలిసీ అంటావేంటయ్యా?"

"చిరిగిపోయిందని చెప్పు. ఆవు నమిలేసిందని చెప్పు."

"ఆవులన్నీ పై కొండల మీదున్నాయి. సెప్టెంబర్ దాకా దిగవు. దుప్పటి నమలడానికి ఒకటి ప్రత్యేకంగా దిగొచ్చిందా?"

ఆయన నవ్వలేదు. కొడవలి కింద పెట్టాడు. "మనకున్నది అదొక్కతే," అన్నాడు. ఆయన గొంతు అలా వణకడం మా పెళ్ళయ్యాక రెండోసారి వినడం. మొదటిసారి అది పుట్టిన రోజు.

నాకు ఒళ్ళు మండింది. భయమేస్తే నాకు ముందొచ్చేది కోపమే. "నాకు మాత్రం రెండో మూడో ఉన్నాయా? ఇవాళ ఆరెయ్యకపోతే అది దిగొస్తుంది. రేపు నిజంగా గాలొచ్చి నేను దుప్పటి తీస్తే, అమ్మకు మళ్ళీ భయమేసిందనుకుని దూకుతుంది. షివోన్ ఎక్కడ పడిందో చూశావుగా. ఆ పెంకులు మార్చింది నువ్వేగా."

దుప్పటి తాడు మీద వేసి ఒక క్లిప్పు పెట్టాను. రెండోది చేతిలోంచి జారి గడ్డిలో పడింది. వంగి వెతుకుతుంటే కళ్ళు మసకబారి కనపడదు. లేచేసరికి దుప్పటి రెండో కొస తాడు మీదికి ఎక్కి ఉంది. కాస్పర్ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఒక రుమాలు కూడా ఆరెయ్యని మనిషి, క్లిప్పును తిరగేసి, బలమంతా పెట్టి, వంకరగా బిగించాడు. దుప్పటి నిలువుగా, కదలకుండా వేలాడింది.

అంచున చుక్కలు రెండు. ఒకటి ముందుకు వచ్చింది.

గాలి చీలింది. ఒకటి, రెండు, మూడు అన్నాను. మూడు తరవాత ఏం వస్తుందో గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా అంకెలన్నీ చచ్చిపోయాయి. అప్పుడు ఫట్‌మంది. నీలం గొడుగు.

అంతలో చూద్దును కదా, మా ఆయన పక్కన లేడు. కోసిన చెక్క నడిమధ్య, సరిగ్గా దిగాల్సిన చోట, ఆకాశంలోంచి పడేదాన్ని పట్టుకునేవాడిలా రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు. దిగేచోట నిలబడొద్దని పాతికేళ్ళుగా వచ్చేపోయేవాళ్ళందరినీ తిట్టిన పెద్దమనిషి!

"నాన్నా, తప్పుకో!" పైనుంచి అరుపు.

ఆయన ఎడమకు పరిగెత్తాడు. అదీ ఎడమకే తిరిగింది. కుడికి పరిగెత్తాడు. అది కుడికి రాబోయి, ఆయన్ను చూసి, మళ్ళీ మళ్ళింది.

"నాన్నా! నీకు దణ్ణం పెడతా, పక్కకి పో!"

చివరికి అది ఆయన తల మీదుగా పోయి, కింది చెక్కలో నిలువు గడ్డిలో పడింది. నీలం గుడ్డ దాని మీద కప్పుకుపోయింది. ఏ కదలికా లేదు. తరవాత ఆ గుడ్డ కింద నుంచి ఒక చెయ్యి, ఒక తల, నవ్వుతున్న ముఖం బయటికొచ్చాయి.

కాస్పర్ దగ్గరికి నడిచాడు. నలిగిన గడ్డి చూశాడు, కూతుర్ని చూశాడు. రెండు నెలల తరవాత దానితో అన్న మొదటి మాట ఇదీ:

"నిలువు గడ్డిలో దిగావు."

"నువ్వే కదా అడ్డం నిలబడ్డావు!"

"చట్టం చట్టమే."

కంచె దగ్గరికి పోయి దంతె తెచ్చి దాని చేతిలో పెట్టాడు. పెట్టి, తన చెయ్యి తియ్యలేదు. ఒకే కర్ర పట్టుకుని ఇద్దరూ అలా నిలబడిపోయారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దూరం నుంచి తెలియలేదు. దగ్గరికెళ్ళి చూస్తే రెండూ చేస్తున్నాడు. నేనూ అందులో చేరాను.

రెగూలా వెనకే ఆర్తో దూకి, కోసిన చోట బుద్ధిగా దిగి, మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకుని చాలా నెమ్మదిగా గొడుగు చుట్టుకున్నాడు. కాఫీ పెట్టాను. రెగూలా, వాళ్ళ నాన్న పక్కపక్కనే గడ్డి ఎగదోస్తూ, తప్పు ఎవరిదని పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట వింటుంటే కడుపు నిండినట్టుంది.

పదిన్నరకు ఏటి గట్టు చెట్లు ఆకులు తిరగేశాయి. కాఫీ గిన్నె పక్కనపెట్టి తాడు దగ్గరికి పోయాను. నా క్లిప్పు తేలిగ్గానే వచ్చింది. కాస్పర్ బిగించింది రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. దుప్పటి చేతిలోకి తీసుకుని పైకి చూశాను. అంచున మరో రెండు చుక్కలు. ఎవరో నాకు తెలియదు. కాసేపు అలాగే నిలబడ్డాయి. నేనూ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను. తరవాత ఒకటి వెనక్కి తిరిగింది, రెండోదీ తిరిగింది, చెట్లలోకి పోయాయి.

గంట తరవాత ఆ ఇద్దరూ మూటలు వీపున వేసుకుని మా కంచె పక్కగా నడిచి వచ్చారు. కొత్త ముఖాలు. నన్ను చూసి తలూపి, నమస్కారం దుప్పటమ్మా అని సాగిపోయారు. ఇద్దరిలో ఒక్కరూ ఆగి, గడ్డిపరక ఎత్తి వదిలి చూడలేదు.